ఆకలితో లేచిన చిరుత

సూరత్ పక్కన పల్సానాలో చీరల ప్రింటింగు మిల్లులో డిజైన్లు గీసే ఐలయ్యకు ఎప్పుడూ చెవి మీద పెన్సిలు, దవడలో తంబాకు ఉంటాయి. అతని తాతలు తెలంగాణలో కథల పటాలు రాసినవాళ్లు. ఆ ఇంటి పట్టింపు సూరత్ దాకా వచ్చింది. ఏ జంతువుకైనా కళ్లు ఆఖరున, కొబ్బరికాయ కొట్టాకే పెడతాడు. పెట్టాక రెండడుగులు వెనక్కే నడుస్తాడు, బొమ్మకు వీపు పెట్టడు. ఈసారి మిల్లు యజమాని సేఠ్ ఎక్కడో కొన్న పాత ఇంగ్లిషు పుస్తకం తెచ్చాడు. అందులో రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన అడవి జంతువులున్నాయి. ఐలయ్య ఒక చిరుతను వెంట్రుక వెంట్రుకగా దింపాడు. కళ్లు తెల్లగా వదిలి, కాయ తెస్తానని ఇంటికి వెళ్లాడు. మర్నాడు వచ్చేసరికి గుడ్డ అచ్చయిపోయి ఉంది.

“సేఠ్ జల్దీ చేయమన్నడు బాపు. కండ్లు నేనే కంప్యూటర్ల పెట్టిన,” అన్నాడు అక్కడే పనిచేసే కొడుకు శివకృష్ణ.

“కాయ కొట్టకుంట కండ్లు తెరిస్తే అది ఆకలితోని లేస్తదిరా.”

కొడుకు నవ్వాడు.

సాయంత్రం ఐలయ్య ఇంటికొస్తే మనవరాలికి కొత్త తొట్టెల కట్టి ఉంది. రంగు చెదిరిందని మిల్లులో పక్కన పడేసిన చిరుతల గుడ్డ ముక్కను శివకృష్ణ తెచ్చి కట్టాడు. బొమ్మలు లోపలి వైపుకు వచ్చాయి. చిరుతలన్నీ పాపనే చూస్తున్నాయి. పాప ఏడవడం లేదు, రెప్ప వేయకుండా వాటినే చూస్తోంది. కొబ్బరికాయ ఇంకొకటి తొట్టెల అవతల వంటింట్లో ఉంది. అటు వెళ్లాలంటే తొట్టెలకు వీపు పెట్టాలి. ఐలయ్య తొట్టెల వైపే చూస్తూ నిలబడిపోయాడు.