బసమ్మవ్వ కూర్చున్న చోటు

గంజి పెట్టిన చీర మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే లేచిన తడి వాసన, ఆదోనిలో ఉన్న నన్ను ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధికి లాక్కుపోయింది. రేపు మా పాప బడిలో పేరెంట్స్ మీటింగ్. పిల్ల బోర్డు వైపే చూడదట, ఒకటో తరగతికి పంపకుండా మళ్లీ యూకేజీలోనే ఉంచుతారట. నేను అడగవలసినవన్నీ సిద్ధం చేసుకున్నాను: పోయిన మీటింగులో మమ్మల్ని అందరికంటే చివర పిలిచినందుకు, పదిమందిలో "మీ పాప కొంచెం స్లో" అన్నందుకు, వాచ్‌మన్ నన్ను ఎండలో నిలబెట్టినందుకు. "మీటింగుకు పోతాండావా, పంచాయితీకా?" అని మా ఆయన నవ్వాడు. అదీ గుర్తుపెట్టుకున్నాను.

నా ఒకటో తరగతిలోనూ ఇలాగే జరిగింది. "ఈ పిల్లకు చదువు రాదు, పనిలో పెట్టుకోండి" అని సారు కబురు పంపాడు. ఆ మాట చేసిన గాయం నాకింకా మానలేదు. అమ్మ భయపడి పక్కింటి బసమ్మవ్వను తోడు తీసుకుంది. హొళగుంద నుంచి కోడలిగా వచ్చి, రాట్నం మీద నూలు చుట్టి బతికే మనిషి ఆమె. కొళాయి దగ్గర నోరు తెరిచిందంటే వీధంతా బిందెలు దించి తప్పుకునేది. సారు పని ఈరోజుతో సరి అని సంబరపడుతూ వెనకే నడిచాను.

ఆమె సారును ఒక్క మాట అనలేదు. "మా పిల్ల కూసునే జాగా యాడ సారూ?" అంది. సారు వెనక మూల చూపించాడు, చెప్పులు విడిచేచోటు. అవ్వ మోకాళ్లు పట్టుకుని, "ఉస్సప్పా" అంటూ అక్కడే చతికిలబడింది. పిల్లలంతా నవ్వారు.

"ఏమవ్వా, నువ్వూ సదువుకుంటావా?" అన్నాడు సారు.

"మీరు సెప్పండి, నేను ఇంటాను."

ఆయన అక్షరాలు రాస్తూ పోయాడు. కిటికీలోంచి పడిన ఎండకు బోర్డు తళతళలాడుతోంది. అవ్వ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని అటు వంగి, ఇటు వంగి చూసింది. చివరికి, "నావి ముసలి కండ్లు. మీవి మంచివి కదప్పా, ఒకసారి ఈడికొచ్చి సూడండి" అని పక్కన కొంగుతో నేల తుడిచింది. సారు వచ్చి కూర్చున్నాడు. ఆయనా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత లేచి, నా పలక తానే తీసుకుపోయి ముందు వరుసలో పెట్టాడు.

దారిలో నేను అలిగాను. "ఒక్క తిట్టన్నా తిట్టలేదేమవ్వా?"

"తిట్టింటే ఆయప్పకు నా నోరే కనపడేది. బోర్డు కనపడేదా?"

నన్ను చిన్నబుచ్చిన వాళ్లలో ఒక్కరినీ మరవలేదు నేను. అంత నోరున్న మనిషి ఆ పూటంతా చెప్పుల మధ్య దాన్ని మూసుకుని కూర్చోవడం తలచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి పాపను అడిగాను. "నీ కుర్చీ యాడుంటాదిమ్మా?"

"తలుపు ఎనకాల."

రేపు ముందు ఆ చిన్న కుర్చీలో నేను కూర్చుంటాను. వాచ్‌మన్ సంగతి ఆ తర్వాత.