కుక్కలు ముట్టని తలకాయ

దయ్యాలంటే నాకు నవ్వు. పశువుల దవాఖానలో ఇరవై ఏళ్లుగా చచ్చిన గొర్రెలను, మేకలను కోసి చూస్తున్నాను. లోపల కనిపించేవి నట్టలు, పురుగులే, ఆత్మలు కావు.

నా కోపమంతా కుక్కలకు పచ్చి తలకాయలు వేసేవాళ్ల మీద. మెదడులో నీటి బుడగ పెరిగిన గొర్రె ఒకే వైపు గిరగిరా తిరిగి చస్తుంది. ఆ తల తిన్న కుక్క కడుపులో బద్దె పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క పెంటతో గడ్డిలో పడతాయి. ఆ గడ్డి మేసిన మేకకైనా, జింకకైనా మళ్లీ అదే రోగం. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

అజీజ్‌నగర్‌లో ఒక సేటు ఫామ్‌హౌస్ ఉంది. దావత్ అయితే కోసిన గొర్రెల తలకాయలన్నీ అక్కడి మూడు కుక్కలకే. వాచ్‌మన్ దేవదానం మేకలు ఆరింట్లో నాలుగు అట్లా తిరిగి తిరిగే చచ్చాయి. అయినా వేసేది ఆయన చెయ్యే.

"నేనేం జెయ్యాలె సార్? సేటు ఎయ్యమంటడు, ఏస్తున్న," అంటాడు.

మొన్న వానాకాలంలో ఫామ్‌హౌస్ కంచె అవతల ఒక చుక్కల జింక ఎడమవైపే తిరిగి తిరిగి కూలిపోయింది. దాని ముందరి కుడికాలి గిట్ట కొన విరిగి ఉంది. ఫారెస్టువాళ్ల ముందే తల వేరు చేసి తెరిచాను. లోపల కోడిగుడ్డంత బుడగ. కళేబరం కాల్చడానికి వాళ్లు కట్టెలు తేబోయారు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి తల లేదు. దాన్ని వదిలి వెళ్లడం నా తప్పే.

"కుక్కలకేసిన సార్. అలవాటుల పడి ఏసిన," అన్నాడు దేవదానం.

నాకు ఒళ్లు మండిపోయింది. "బుద్ధున్నదా నీకు? ఉన్న రెండు మేకలు గూడ సావాల్నా?" అని అరుస్తూ కుక్కలను ఉంచే ఇనుప జాలీ దగ్గరికి పరుగెత్తాను.

బొక్కలు పటపటా కొరికే కుక్కలు మూడూ ఒక మూలకు అతుక్కుని ఉన్నాయి. ఒక్కటీ మొరగలేదు. తల నడుమ పడి ఉంది, పంటి గాటు లేదు. దాని చుట్టూ తడి మట్టిలో గిట్టల గుర్తులు, గుండ్రంగా, ఎడమవైపే. వాటిలో ఒక గిట్టకు కొన లేదు. జాలీ నిలువెత్తుకు పైనే ఉంది, తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది. జింక మొండెం కంచె అవతల పడిన చోటే ఉంది.

దేవదానం "ప్రభువా" అని కూలబడ్డాడు.

సేటుకు చెబితే నవ్వాడు. దేవదానం మాత్రం ఆ రోజు నుంచి ప్రతి తలకాయనూ కాల్చేస్తున్నాడు, సేటు ఎంత తిట్టినా సరే. ఆయన రెండు మేకలూ ఇంకా బతికే ఉన్నాయి.

ఆ గుర్తులు ఎట్లా వచ్చాయో నాకిప్పటికీ తెలియదు. ఇరవై ఏళ్లు గొంతు చించుకున్నా బతికున్న నా మాట ఎవరూ వినలేదు. చచ్చిన జింక మాట దేవదానం ఒక్క పూటలో విన్నాడు. తలచుకుంటే ఇప్పటికీ కోపమే వస్తుంది.