కళ్ళు మూసుకున్న ఆటగాళ్ళు

మైదాపిండిని చన్నీళ్ళలో కలిపి సన్నటి సెగ మీద తిప్పుతుంటే ముందు పచ్చివాసన, ఆ తర్వాత గంజి వాసన, ఆఖరుకి గరిటెకి అంటుకుని సాగేవేళ కాస్త మాడు వాసన వస్తుంది చూడండి, ఆ మాడు వాసన మొన్నొక ఆదివారం జర్మనీలో, ఎర్లాంగెన్‌లోని మా వంటింట్లో లేచింది. ఇక్కడ ఆదివారమైతే దుకాణాలన్నీ మూతే. పైగా కరోనా మళ్ళీ ముదిరి, మా రిషి క్లాసు మొత్తాన్ని ఇంట్లోనే కూర్చోమన్నారు. వాడు ఊరుకుంటాడా, క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు ప్రింటు తీసి, అట్టల మీద అంటించి కార్డులు చేసుకుంటున్నాడు. "మమ్మీ, క్లేబర్ ఆలే!" అని ఒకటే గోల, గమ్ము అయిపోయిందని. నాలుగు వందల ఐదు నంబరు పిండితో, ఇక్కడ మైదాకి అదే పేరు, లై కాచి ఇచ్చాను.

హాల్లో సోఫా మీద బాపు, పక్కన అవ్వ. మా వైపు అమ్మానాన్నల్ని అలాగే పిలుస్తాం. మనవడితో మూడు నెలలుండి పోదామని వచ్చారు, విమానాలు ఆగాయి, మళ్ళీ ఎగిరే వేళకి బాపు ఊపిరితిత్తులు చూసిన డాక్టరు, బొగ్గుదుమ్ము తిన్న ఛాతీతో ఇప్పుడు ప్రయాణం వద్దన్నాడు. వీసా పొడిగించుకోవడానికి టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరికేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం టీవీలో ఫైనల్‌కి ముందరి మ్యాచి, ఎక్కడో ఎడారి దేశంలో, ఒక్క మనిషి లేని స్టేడియంలో. మా జట్టు ఆడుతోంది. నిరుడు దాకా మా జట్టులో ఆడినవాడొకడు ఇప్పుడు అవతలి జట్టులో ఉన్నాడు. రిషి వాడి కార్డు తీసి డబ్బాలో పడేశాడు. "వాడు అవుట్ తాతా. వాడిప్పుడు వాళ్ళ టీమ్."

ఆ మాట నేను ఒకప్పుడు మా వాకిట్లో విన్నదే.

మాది గోదావరి ఒడ్డున బొగ్గుబాయిల కాలనీ. బాయి అంటే గని. మా దగ్గర అందరూ బాయి పని అనే అంటారు. పొద్దున సైరను మోతకి లేవడం, పొయ్యిలో బొగ్గులు రాజేస్తే ఇంటింటి పొగా కలిసి క్వార్టర్ల మీద నల్లని దుప్పటిలా పరుచుకోవడం, ఆరేసిన చీర మీద మసి పడిందని అవ్వ ఎవరినీ పేరు పెట్టకుండా తిట్టడం, మొదటి షిఫ్టు దిగివచ్చిన మగవాళ్ళు ఎంత తోముకున్నా కళ్ళ అంచున కాటుక పెట్టినట్టు నల్లగీత మిగిలిపోవడం, ఇవే మా రోజులు. వానలు వెనకబట్టాక మక్కగారెల వాసన, బతుకమ్మనాడు సత్తుపిండి, మలీద ముద్దలు, తంగేడు పువ్వు కోసం పొదల్లో దూరి గీరుకున్న మోచేతులు. దసరా దాటిందంటే బాయిలకీ బాయిలకీ వాలీబాల్ పోటీలు. ఐదో బాయి మాది, గ్రౌండు మా కాలనీదే. ఐదో బాయికి సర్వీసు చేసేది మా బాపు, ఓదెలు. బాపు చెయ్యెత్తితే అవతలివాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగేవారు. అది చూసి నేను నాలుగడుగులు ముందుకు జరిగి కూర్చునేదాన్ని.

ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని, పుస్తకాల్లో ఏముండేదో నాకు గుర్తు లేదు కానీ నా పటాలన్నీ గుర్తున్నాయి. కాలనీ మూలమీద మల్లేశం మామ ఫోటో స్టూడియో. గేటు పాసుల కోసం బాయి పనివాళ్ళందరూ అక్కడే ఫోటో దిగేవాళ్ళు. చీకట్లోంచి వచ్చినవాళ్ళాయె, ఆ దీపం వెలుగు మీద పడేసరికి సగంమందికి కళ్ళు మూతపడేవి. పనికిరాని ఆ ఫోటోలన్నీ మామ మాకిచ్చేసేవాడు. మేము వాటిని సిగరెట్టు పెట్టెల అట్టలకి లైతో అంటించేవాళ్ళం. కాబట్టి నా దగ్గరున్న మహావీరులందరూ కళ్ళు మూసుకున్నవాళ్ళే. మా బాపైతే కళ్ళు మూసుకుని, నోరు కాస్త తెరిచి, తుమ్మబోతున్నట్టుండేవాడు. బండ మీద సుద్దతో గ్రౌండు గీసి, ఇటు ఆరుగురిని అటు ఆరుగురిని నిలబెట్టి, చింతగింజతో కొట్టి ఆడేవాళ్ళం. ఆటకి ఒకటే కట్టుబాటు: బదిలీ అయినవాడి పటం బోర్లా వెయ్యాలి. వాడిక మనవాడు కాదు.

నాకు పదేళ్ళున్న యేడు బాపుని ఏడో బాయికి బదిలీ చేశారు. అక్కడ క్వార్టరు దొరకలేదు, మేము పాత ఇంట్లోనే ఉన్నాం. బాపు సైకిల్ మీద పోయివస్తూ ఏడో బాయికి ఆడసాగాడు. దసరా తర్వాత సెమీఫైనల్ ఎవరికెవరికి పడిందంటే, ఐదో బాయికీ ఏడో బాయికీ, మా గ్రౌండులోనే.

ముందురోజు సాయంత్రం మా వాకిట్లో పంచాయితీ. మా ఆటకి పెద్ద రాజేశ్వరి, నా దోస్తు.

"మీ బాపుని బోర్లెయ్యి, సరోజా."

"ఎయ్య."

"గట్లయితే నువ్వు సుత ఏడో బాయికే పో. మా నల్ల కాడ నీళ్ళు పట్టకు."

నేను పటాన్ని గుప్పిట్లో పట్టుకుని ఏడుస్తున్నాను. తలెత్తితే సైకిలు పట్టుకుని బాపు. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో తెలీదు. "నీళ్ళు కాగినయా?" అని మాత్రం అడిగి లోపలికి పోయాడు.

తెల్లవారి నేను గ్రౌండులో ఎటువైపూ కూర్చోలేక నెట్టు కర్ర పక్కన నిలబడ్డాను. బాపు గెలిస్తే నాకు కాలనీ లేదు, ఓడితే బాపుకి మొహం లేదు. ఆఖరి ఆట. ఒక్క పాయింటు వస్తే ఏడో బాయి గెలిచినట్టే. సర్వీసు బాపుది. బాపు బంతి పైకెగరేశాడు, చెయ్యి విసిరాడు, బంతి పోయి నెట్టులో పడింది. సర్వీసు మా ఐదో బాయివాళ్ళకి వచ్చింది, తర్వాత వాళ్ళు పాయింటు వెంట పాయింటు కొట్టి గెలిచేశారు. "ఓదెలన్న మనోడేరా!" అని మా కాలనీ పోరగాళ్ళు బాపుని పైకెత్తారు. ఏడో బాయివాళ్ళలో ఒకడు చెప్పులు తొడుక్కుంటూ, "ఆట నీ కాలనీకి నువ్వే పెట్టినవ్ గదనే," అని పోయాడు. బాపు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మళ్ళీ ఎన్నడూ గ్రౌండుకి పోలేదు. రాజేశ్వరి మాత్రం పొద్దున్నే వచ్చి, "మీ బాపుని బోర్లెయ్యకు తియ్, మనల్ని గెలిపించిండు," అంది.

అదిగో, అప్పట్నుంచి నా గుండెలో ఒక రాయి. నా ఏడుపు విని, నా కోసమే బాపు కావాలని బంతి నెట్టుకి కొట్టాడని, ఒక్క పిల్లదాని నీళ్ళ బిందె కోసం తన పేరు పోగొట్టుకున్నాడని. పెళ్ళయింది, ఈ దేశం వచ్చాను, కొడుకు పుట్టాడు, ఎన్నిసార్లు నోటిదాకా వచ్చినా అడగలేదు. అవునంటే ఆ బరువు ఎక్కడ దించుకోను?

మళ్ళీ మా హాల్లోకి రండి. రిషి డబ్బాలో పడేసిన ఆటగాడి చేతుల్లోకి సులువైన క్యాచి వచ్చింది. వదిలేశాడు. రిషి సోఫా ఎక్కి గంతులేశాడు. "చూశావా తాతా! కావాలనే వదిలేశాడు! వాడికి మనమంటేనే ఇష్టం!"

బాపు చేతిలోని చాయ్ కింద పెట్టాడు. "తప్పురా! ఆడేటోడు కావాలని ఇడిసిపెట్టడు!" అని అరిచి దగ్గు తెచ్చుకున్నాడు. రిషి బిత్తరపోయాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, దగ్గు తగ్గేదాకా ఆగి, అడిగేశాను.

"మరి ఆనాడు నువ్వో, బాపు? నా కోసమే గద నెట్టుకు కొట్టినవ్?"

"నీ కోసమా? నువ్వేమన్నవ్?"

"రాజేశ్వరి నీ పటం బోర్లెయ్యమన్నది. నేను ఏడుస్తుంటే వాకిట్ల నిలబడి ఇన్నవ్ గద."

"నేనేం ఇన్న బిడ్డా? షిఫ్టు దిగి వస్తె చెవులల్ల బాయి మోతే ఉంటుండె, పక్కపొంటి డప్పు కొట్టినా ఇనబడకపోతుండె. సైకిల్ చైన్ ఊడితే ఎక్కిద్దామని నిలబడ్డ." బాపు నవ్వాడు. "గెలవాలనే కొట్టిన. నన్ను బదిలీ చేస్తే ఆ కాలనోళ్ళు ఒక్కడన్న అయ్యో అన్నడా? వాళ్ళ ముంగట్నే గెలిసి మీసం తిప్పాలనుకున్న."

"మరి నెట్టుల ఎందుకు పడ్డది?"

"నడుం పట్టింది," అంది అవ్వ, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "దసరా మటన్ కూర అంత తిని దుంకితే పట్టదా మరి? నెల రోజులు నేనే నూనె రాసి తోమిన. ఎవ్వలకు చెప్పకే, సిగ్గయితదన్నడు."

"నడుం పట్టిందంటే నవ్వుతరు," అన్నాడు బాపు. "మనోడు, కావాల్నని కొట్టిండు అంటున్నరు. ఇదే మంచిగున్నదని ఊకున్న."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కుర్చీ మీద కూలబడి, ఇన్నేళ్ళుగా ఏ మూలన పట్టి ఉంచానో ఆ ఊపిరి మొత్తం వదిలాను. నా కోసం ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు. మా బాపు గెలుద్దామని ఆడి ఓడిపోయాడు, అంతే. ఆ గ్రౌండు ఇప్పుడు లేదు. ఓపెన్ కాస్ట్ గని, నేలంతా పైనుంచే తవ్వుతూ తవ్వుతూ వచ్చి క్వార్టర్లనీ, మల్లేశం మామ స్టూడియోనీ మింగేసింది. మేము సుద్దగీతలు గీసిన బండ ఉన్నచోట చూద్దామంటే కింద అంత లోతు గుంత, అడుగున చీమల్లా లారీలు. పటాలు చెదలు తిన్నాయి. రాజేశ్వరి ఏ ఊళ్ళో ఉందో.

రిషి వెళ్ళి తాత మోకాళ్ళు పట్టుకున్నాడు. "చూపించు తాతా. ఎలా కొట్టావ్?"

బాపు సోఫా చెయ్యి పట్టుకుని మెల్లగా లేచాడు. "పయిలం," అంది అవ్వ. బాపు లుంగీ సర్దుకుని, అన్నం టేబుల్ వెనక కుర్చీల్ని నెట్టు అనుకుని, ఎడమచేత్తో లేని బంతిని పైకెగరేసి, కుడిచెయ్యి విసిరాడు. మేము ముగ్గురం తలలు తిప్పి కిటికీ వైపు చూశాం.

"పడ్డది," అన్నాడు బాపు. "అవతలనే పడ్డది."