సున్నా పెట్టి చూడని లెక్క

ప్రతి ఆదివారం ఆదోనిలో బస్సెక్కి ఎమ్మిగనూరు పోయి, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లకు లెక్కలు చెబుతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా పిల్లలు వచ్చేవాళ్లంటే, డేటా సఫిషియెన్సీ నా అంత సులువుగా చెప్పేవాడు ఈ చుట్టుపక్కల లేడని పేరు. ఆ పేరు నాకు బాగానే తలకెక్కింది.

ఆ లెక్కల్లో జవాబు కనుక్కోనక్కర్లేదు. ఒక ప్రశ్న ఉంటుంది, దాని కింద రెండు సమాచారాలు. ప్రశ్న తేలడానికి మొదటిది ఒక్కటే చాలా, రెండోదా, రెండూ కలవాలా, కలిసినా చాలవా అన్నది చెబితే అయిపోయింది. అందులో ఘాతాలు వచ్చాయంటే మాత్రం అందరూ తడబడతారు. దానికి నాదో పద్ధతి. మా నాయన ఆదోని మార్కెట్ యార్డులో పత్తి నాణ్యం చూసేవాడు. బస్తాలో పైన ఒక గుప్పెడు, నడుమ ఒకటి, అడుగున ఒకటి లాగి చూసిగానీ మాట చెప్పేవాడు కాదు. నేనూ అంతే. x స్థానంలో రెండు పెట్టు, అర పెట్టు, మైనస్ రెండు పెట్టు. సమాచారానికి సరిపడే గుప్పెళ్లన్నీ ఒకే మాట చెబితే అది చాలు. టక్కున రాసేసి ముందుకు పో.

క్లాసులో ఒక చేనేత ఆమె ఉండేది. మగ్గం నేస్తూనే చదువుకునేది. ముందటేడు నా దగ్గరే నేర్చుకుని రాసి, ఒక్క మార్కు తేడాతో ఉద్యోగం పోగొట్టుకుంది. ఇక ఒక్కసారే రాయగలదు, ఆ తర్వాత వయసు దాటిపోతుంది. ఈసారి చూస్తే, అందరూ పెన్ను కింద పెట్టాక కూడా అంకెలు మార్చి మార్చి వేసుకుంటూ కూర్చునేది. నాకు ఒళ్లు మండేది.

“ఇట్ల నిదానంగా సేసే కదమ్మా పోయినసారి పోయింది! పరీక్ష నీ కోసం ఆగుతాదా?” అని అందరి ముందే అనేశాను. ఆమె తల దించుకుంది.

మరో ఆదివారం బోర్డు మీద ఈ లెక్క రాశాను: x ఘనం కన్నా x వర్గం పెద్దదా? మొదటి సమాచారం, x ఒకటి కన్నా తక్కువ. రెండోది, x సున్నా కన్నా ఎక్కువ.

“మొదటిదాంట్లో అర పెట్టండి. వర్గం పావు, ఘనం అరపావు. వర్గం పెద్దది. మైనస్ రెండు పెట్టండి. వర్గం నాలుగు, ఘనం మైనస్ ఎనిమిది. మళ్లా వర్గమే పెద్దది. రెండోదాంట్లో అరకు అవును, రెండుకు కాదు. కాబట్టి మొదటిది ఒక్కటే చాలు. అయిపాయ!”

ఆమె లేచి నిలబడింది. “సార్, సున్నా పెడితే?”

“ఖాళీ బస్తాలో సెయ్యి పెట్టి ఏం సూస్తావమ్మా?” అన్నాను. అందరూ నవ్వారు.

“మగ్గం కాడ పోగు లేని సందు కూడా సూసుకోవాల సార్. ఒక్క సందు వదిలినా బట్ట పొడుగునా గీత పడతాది.”

విసురుగా బోర్డు వైపు తిరిగాను. సున్నా ఒకటి కన్నా తక్కువే. వర్గం సున్నా, ఘనమూ సున్నా. పెద్దది కాదు. అంటే మొదటిది ఒక్కటే చాలదు, రెండూ కలవాల్సిందే. యార్డులో ఖాళీ బస్తా జోలికి ఎవరూ పోరు. నేనూ పోలేదు. అట్లా నాలుగేళ్లుగా తప్పు చెబుతున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

“ఇది నీకెప్పుడు తెలిసింది?” అన్నాను.

“పోయినసారి పరీక్షలో ఇట్లాంటిదే వచ్చిండె సార్. మీరు సెప్పినట్టే పెట్టి సూసి, టక్కున రాసేసినా. ఇంటికి పోయినాంక సున్నా పెట్టి సూస్తి. మిమ్మల్ని అనేకి నోరు రాలే.”

“తప్పు నాది తల్లీ,” అన్నాను, క్లాసంతా వినేటట్టు.

“టైమవుతాంది సార్, ఇంకోటి రాయండి,” అని కూర్చుంది.

ఆ ఏడు పరీక్షలో సున్నాతో తేలే లెక్క ఒక్కటీ రాలేదట. ఆమెకు మూడు మార్కుల తేడాతో ఉద్యోగం తప్పిపోయింది. వయసూ దాటిపోయింది. ఇప్పుడు నా క్లాసులో మొట్టమొదట సున్నా పెట్టి చూపిస్తాను. పిల్లలు గబగబా రాసుకుంటారు, కొందరికి ఉద్యోగాలు కూడా వచ్చాయి. అది నాకు నేర్పినామె మాత్రం ఎమ్మిగనూరులో మగ్గం నేస్తోంది.