దొరగారు గుర్తుపట్టే నడక

బూట్ల మేస్త్రికి మనుషుల ముఖాలు గుర్తుండవు. దుకాణంలో బల్ల వెనక కూర్చుని తల వంచి పని చేసేవాడు, చూపెప్పుడూ మోకాళ్ళు దాటి పైకి పోదు. ఇరవై ఏళ్ళుగా వస్తున్న పోస్టుమాస్టరు వీధిలో ఎదురై పలకరిస్తే తెల్లమొహం వేస్తాడు. ఆయన పాదాలు చూశాకే, "అయ్యో, మీరా సార్! ఎడమ మడమ మళ్ళీ అరిగిందే!" అంటాడు.

బూటు తిరగేసి మనిషి జాతకం చెబుతాడని వీధిలో పేరు. ఎవరిది తొందరపాటు నడకో, ఎవరిది రోజంతా నిలబడే ఉద్యోగమో, ఎవరి మోకాలు మొరాయించబోతోందో వాళ్ళకంటే ఆరు నెలల ముందే అతనికి తెలుస్తుంది. ఒకసారి ఒకాయన బూట్లు చూసి, "ఉద్యోగం పోయింది గానీ ఇంట్లో ఇంకా చెప్పలేదు, అవునా సార్?" అన్నాడనీ, ఆయన బూట్లు అక్కడే వదిలేసి ఉత్తకాళ్ళతో పరుగు తీశాడనీ చెప్పుకుంటారు. పరుగు సంగతి కాస్త పెంచి చెప్పిందే కావచ్చు. బూట్లు మాత్రం ఇప్పటికీ పై అరలో ఉన్నాయి.

తన బూటు మాత్రం అతను తిరగేసి చూసుకోడు. చూస్తే ఏం కనబడుతుందో తెలుసు.

కుడి తుంటిలో నొప్పి మొదలై పదకొండేళ్ళయింది. మహా క్రమశిక్షణ గల నొప్పి. మంచం దిగగానే హాజరు వేసుకునేది. దుకాణం మెట్ల దగ్గర మూడుసార్లు ఆపేది, మెట్లు మూడే కాబట్టి. వాన వచ్చేదుంటే రెండు రోజుల ముందే కబురు పెట్టేది. ఎదురింటి ఇస్త్రీ ఆమె బట్టలు ఆరేసే ముందు, "మేస్త్రీ, నీ తుంటి ఏమంటోంది?" అని కేకేసి అడిగేది. "ఇవాళ ఫర్వాలేదు, దుప్పట్లు కూడా ఆరేసుకో," అని ఇతను జవాబిచ్చేవాడు. వీధంతా నవ్వేది. అతనూ నవ్వేవాడు. నవ్వినప్పుడు బిగించిన పళ్ళు ఎవరికీ కనబడవు, అదొక సౌకర్యం. మేజోడు తొడుక్కోవడానికి వంగలేక, దాన్ని కర్ర చివర తగిలించి, చేపను పట్టేవాడిలా పావుగంట పాటు తంటాలు పడేవాడని మాత్రం ఎవరికీ తెలియదు.

కుడికాలు ఎత్తి వేయలేడు, ఈడుస్తాడు. ఈడ్చి ఈడ్చి బూటు ముందు భాగం నెలకే అరిగిపోతుంటే అక్కడొక చిన్న ఇనుప లాడం కొట్టుకున్నాడు. అప్పటినుంచి అతని నడకకు ఒక చప్పుడు వచ్చింది. ముందు ఎడమ కాలు టక్కుమంటుంది. తర్వాత కుడి కాలి లాడం గచ్చు మీద స్ర్‌ర్‌మని గీసుకుంటుంది. టక్, స్ర్‌ర్. టక్, స్ర్‌ర్.

ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చునే ప్రాణి ఇంట్లో ఒకటుంది. దాని పేరు దొరగారు. పధ్నాలుగేళ్ళ కుక్క. ఎవరో ఎనిమిదో నంబరు బూట్ల పెట్టెలో పెట్టి దుకాణం ముందు వదిలేసి పోయారు. పెట్టెలోంచి తల ఎత్తి, ఇదేనా మీ మర్యాద అన్నట్టు చూసిందట, అందుకే ఆ పేరు. మేస్త్రి భార్య ఉన్నప్పుడు ఆమె ఒళ్ళో పెరిగింది. ఆమె పోయాక మేస్త్రి కాళ్ళ దగ్గరికి మారింది. రెండేళ్ళ కింద దాని కళ్ళకు పాలపొర కమ్మింది. ఇప్పుడు దాని లోకంలో మేస్త్రి అంటే రెండే గుర్తులు: ఆ ఈడుపు చప్పుడు, అతను పొద్దున్నా సాయంత్రం తుంటికి రుద్దుకునే పచ్చసీసా తైలం వాసన. ఆ రెండూ కలిసి దగ్గరికొచ్చి ముద్ద పెడితేనే తింటుంది.

ఒక పిల్లి కూడా ఉంది. దుకాణంలో రసీదుల మీదే పడుకుంటుంది కాబట్టి గుమాస్తా అంటారు. దానితో ఏ గొడవా లేదు. దొంగ వచ్చి పెట్టినా తింటుంది.

ఇంట్లో మూడో ప్రాణి అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైంది. బావ పోయాక తమ్ముడి దగ్గరికొచ్చి ఆరేళ్ళయింది. పక్క గదిలో ఉన్న మనిషితో కూడా పక్క ఊళ్ళో ఉన్నట్టే మాట్లాడుతుంది.

"ఏరా, బిందె ఎత్తమంటేనే వస్తుందా నీ నొప్పి? కుక్కతో వీధి చివరిదాకా పోయేటప్పుడు రాదేం?"

"వస్తుందక్కా. దానికి చెప్పుకోలేను, నీకు చెప్పుకుంటున్నా."

"నాటకం! చిన్నప్పుడు లెక్కల పరీక్ష రోజున కడుపునొప్పి వచ్చేది, ఇప్పుడు తుంటికి దిగింది."

ఆపరేషన్‌కు ఆసుపత్రివాళ్ళు మూడుసార్లు తేదీ ఇచ్చారు. మూడుసార్లూ మేస్త్రి ఎగ్గొట్టాడు. మొదటిసారి పచ్చకామెర్లన్నాడు. రెండోసారి బంధువుల పెళ్ళన్నాడు. మూడోసారి ఫోన్ తనే ఎత్తి, "మేస్త్రి ఊళ్ళో లేడండీ," అన్నాడు. నాలుగోసారి ఎముకల డాక్టరమ్మ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఈసారి రాకపోతే ఇక రావద్దు మేస్త్రీ. ఆ కీలు మొత్తం అరిగిపోయింది. ఇంకో ఏడాదైతే కుర్చీలోనే ఉంటావు."

ఆమె పాదాలకేసి చూస్తూ, "పన్నెండు రోజులు ఉండాలా అమ్మా?" అన్నాడు.

"ఉండాలి. ఇంట్లో ఎవరికైనా ఇబ్బందా?"

కుక్కకని చెప్పడానికి సిగ్గేసింది.

భయం ఉత్తది కాదు. వారం ముందు ఒక పరీక్ష పెట్టి చూశారు. పొద్దుటినుంచి చీకటి పడేదాకా మేస్త్రి మంగలి దుకాణంలో దాక్కున్నాడు. ఖాళీగా కూర్చోలేక రెండుసార్లు గడ్డం గీయించుకున్నాడు. ఇంట్లో అక్క మాంసం మెత్తగా ఉడికించి, నలిపి, పళ్ళెం దొరగారి ముందు పెట్టింది. బతిమాలింది. ఆఖరికి తిట్టింది. అది గడపకేసి ముఖం పెట్టి కూర్చుంది తప్ప పళ్ళెం ముట్టలేదు. గుమాస్తా వచ్చి తన వంతూ, దొరగారి వంతూ తానే తినిపోయింది.

"వాడికి పధ్నాలుగేళ్ళక్కా. రెండు పూటలు తినకపోతేనే కాళ్ళు తడబడతాయి. పన్నెండు రోజులంటే..." మేస్త్రి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

అక్క ఈసారి నాటకం అనలేదు. అది ఆ ఇంట్లో ఒక వింత. తర్వాత, "నువ్వు వెళ్ళు. నేను చెబుతున్నాగా, వెళ్ళు," అంది.

ఆసుపత్రికి చెప్పులతో రమ్మన్నారు. మేస్త్రి బూట్లు విప్పి గడప పక్కన పెట్టాడు. దొరగారి తల నిమిరాడు. నిమిరిన చేతికి తైలం ఉంది. అది ఆ వేళ్ళు నాకి, తోక రెండుసార్లు నేలకు కొట్టి, ఎప్పటిలాగే సాయంత్రం వస్తాడని పడుకుంది.

కోత అయ్యాక మేస్త్రికి ఒక కొత్త నొప్పి పరిచయమైంది. కుట్ల దగ్గర మంటగా, పైపైన, కుర్రతనం నొప్పి. పాత నొప్పి కోసం లోపల వెతుక్కున్నాడు. లేదు. పదకొండేళ్ళు కాపురమున్న మనిషి చెప్పకుండా ఇల్లు ఖాళీ చేసినట్టుంది. సంతోషించాలని తెలుసు. కానీ దొరగారు తిన్నాడో లేదో తెలియకుండా సంతోషం రాలేదు.

అక్క రోజూ వార్డుకు ఫోన్ చేసేది. మొదటి రోజు, "తిన్నాడు," అంది. రెండో రోజు, "శుభ్రంగా తిన్నాడు," అంది. మూడో రోజు మాట మధ్యలో, "ఉండు, పొయ్యి మీద ఏదో మాడుతోంది," అని ఫోన్ బల్ల మీద పెట్టి వెళ్ళింది.

అప్పుడు మేస్త్రికి ఫోన్లో తన నడక వినబడింది.

టక్, స్ర్‌ర్. టక్, స్ర్‌ర్. తన ఇంట్లో, తన గచ్చు మీద, తను. కాళ్ళు ఉన్నాయో లేదో దుప్పటి ఎత్తి చూసుకున్నాడు.

"అక్కా, ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరుంటారు? గుమాస్తా, దొరగారు, నేను."

"మరి నడిచేదెవరు?"

అవతల అక్క స్టూలు లాక్కుని కూర్చున్న చప్పుడు వినబడింది.

"నువ్వేరా," అంది అక్క. గొంతు మొదటిసారి మామూలు మనుషుల గొంతులా ఉంది. "రెండు రోజులూ అబద్ధం చెప్పాను. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు వాడు. నిన్న సాయంత్రానికి లేచి నిలబడలేకపోయాడు. ఇవాళ పొద్దున నీ బూట్లు తొడుక్కున్నాను. ఆ దిక్కుమాలిన తైలం చేతులకు పూసుకున్నాను. నీలాగే కాలీడ్చుకుంటూ ఇల్లంతా తిరిగాను. నాలుగు ముద్దలు తిన్నాడు."

మేస్త్రి ఫోన్ చెవికి పెట్టుకునే ఉన్నాడు. నర్సు వచ్చి, "నొప్పిగా ఉందా?" అని అడిగింది. అవునని తల ఊపాడు. పాపం, ఆమె సూది మందు ఇచ్చింది.

పన్నెండో రోజున నాలుగు కాళ్ళ ఊతకర్రతో ఇల్లు చేరాడు. దాని కాళ్ళకు రబ్బరు బిళ్ళలున్నాయి, చప్పుడు చెయ్యవు. గాయం మానేదాకా తైలం పూయకూడదన్నారు. ఒంటినిండా ఆసుపత్రి వాసన. గడపలో నిలబడి, "దొరగారూ," అన్నాడు.

కుక్క తల ఎత్తింది. గొంతు ఎక్కడో విన్నట్టు చెవి ఒకటి లేపింది. ముక్కు గాలిలో ఆడించింది. తర్వాత మెల్లగా గుర్రుమంది. అది వెనక్కి వెనక్కి జరిగి, అక్క తొడుక్కున్న మేస్త్రి బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది.

అక్క గబగబా బూటు విప్పబోయింది. "వద్దు," అన్నాడు మేస్త్రి. "ఉండనీ. దాన్ని కదపకు."

కుర్చీలో కూర్చుని గోడకేసి తిరిగాడు. పదకొండేళ్ళు ఏ నొప్పిని తిట్టుకున్నాడో, ఆ నొప్పే ఆ కుక్కకు అతని పేరు. ఆ పేరును ఆసుపత్రిలో కోసి పారేసి వచ్చాడు.

సాయంత్రం అక్క బూటు విప్పినప్పుడు అలవాటు కొద్దీ చేతిలోకి తీసుకుని తిరగేశాడు. ఆసుపత్రికి వెళ్ళే ముందే దానికి కొత్త లాడం కొట్టుకున్నాడు. అది ఇప్పుడు కాగితంలా పలచబడి ఉంది. లోపల మేజోడు మడతపడిన చోట ఎర్రటి మరక. వంటింటి నుంచి గడపకు పూటకోసారి నడిస్తే ఇలా అరగదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎవరో నడిస్తేనే అరుగుతుంది.

"రోజంతా నడిచావా అక్కా?"

"ఆపితే వెతుక్కుంటున్నాడురా. గోడలకు కొట్టుకుంటున్నాడు." అక్క నడుం పట్టుకుని మెల్లగా స్టూలు మీద కూర్చుంది. "పది రోజులు నీలా నడిచేసరికి నాకే తుంటి పట్టేసింది. నువ్వు పదకొండేళ్ళు..."

"నాటకం కదక్కా. అలవాటైపోయింది."

అక్క నవ్వబోయింది. నవ్వు సగం దాకా వచ్చి, కొంగులోకి పోయింది.

ఇంటికొచ్చిన నాలుగో రోజున ఎవరూ లేరనుకుని మేస్త్రి కుడికాలు ఈడ్చి చూశాడు. అక్క పరుగున వచ్చింది. "ఒరేయ్! కొత్త కీలు జారిందంటే మళ్ళీ కొయ్యాలన్నారు కదరా! బుద్ధుందా?"

"ఒక్క అడుగు అక్కా. వాడు వింటాడని."

చివరికి ఉపాయం అక్కే చెప్పింది. గాయానికి తగలకుండా చేతులకు తైలం పూసుకుని మేస్త్రి కుర్చీలో కూర్చుంటాడు. అక్క బూట్లు తొడుక్కుని గడప నుంచి ఈడ్చుకుంటూ వచ్చి సరిగ్గా ఆ కుర్చీ పక్కనే కూర్చుంటుంది. ఆమె కాళ్ళకు తగ్గట్టు మేస్త్రి మంచం మీదనుంచే కొత్త జత కుట్టాడు, లాడంతో సహా. ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉండి అక్క పాదం కొలత తీసుకోవడం అదే మొదటిసారి. దొరగారు నడక వెంట వచ్చి, వాసన దగ్గర ఆగి, ముద్ద తినేవాడు. అతని లెక్కలో మేస్త్రి ఇప్పుడు కాస్త వెడల్పైన మనిషి, అంతే. రోజుకు మూడు పూటలు అక్కాతమ్ముళ్ళిద్దరూ భుజాలు ఆనించుకుని ఒక మనిషిగా కూర్చునేవాళ్ళు.

నలభై రోజులు అలా జరిగింది. ఆ తర్వాతి రోజు నడక వచ్చింది, వాసన ఉంది, ముద్ద నోటి దగ్గరికి వెళ్ళింది. దొరగారు వేళ్ళు నాకాడు గానీ ముద్ద తీసుకోలేదు. ఈసారి మనిషి దొరక్క కాదని ఇద్దరికీ తెలిసింది. పశువుల డాక్టరు వచ్చి గుండె మీద చెయ్యి పెట్టి చూసి, "వయసు," అన్నాడు, "బాధ లేదు."

మధ్యాహ్నమంతా దొరగారి తల మేస్త్రి అరచేతిలో ఉంది. అక్క కుర్చీ చుట్టూ తిరుగుతూనే ఉంది. టక్, స్ర్‌ర్.

"కూర్చో అక్కా."

"వింటున్నాడురా. చెవి కదులుతోంది చూడు."

నాలుగు దాటాక చెవి కదలడం ఆగింది. మేస్త్రి చెప్పలేదు. అక్క చూసింది. చూసి కూడా ఇంకో రెండు చుట్లు తిరిగింది.

వచ్చినప్పుడు ఎనిమిదో నంబరు పెట్టెలో పట్టిన ప్రాణి. ఇప్పుడు పట్టే పెట్టె దుకాణంలో లేదు. అక్క తన మంచం మీది దుప్పటి తెచ్చి ఇచ్చింది. పెరట్లో గుంట మంగలి తవ్వాడు.

రెండు నెలలకు మేస్త్రి ఊతకర్ర లేకుండా దుకాణం మెట్లెక్కాడు. మూడు మెట్లు, ఎక్కడా ఆగకుండా. వీధంతా చూసి ముచ్చటపడింది. "మేస్త్రీ, దుప్పట్లు ఆరెయ్యనా?" అని ఇస్త్రీ ఆమె అరిచింది.

"తెలీదమ్మా," అన్నాడు. "ఆ ఉద్యోగం పోయింది."

ఒక సాయంత్రం అక్క అతని కొత్త బూట్లు తుడుస్తూ కుడి బూటు తిరగేసింది. ఇన్నాళ్ళు తమ్ముడి పక్కన ఉండి ఆమెకూ కాస్త చదవడం వచ్చింది. మడమలు రెండూ సమంగా ఉన్నాయి, ఆరోగ్యవంతుడి బూట్లు. కుడి బూటు ముందు భాగంలో మాత్రం ఒక చిన్న గీత పడి ఉంది. రోజూ ఒకే చోట, ఒకే ఒక్కసారి గచ్చుకు రాసుకుంటే పడే గీత. గడప దగ్గర.

ఆమె దాని మీద బొటనవేలు ఉంచి కాసేపు కూర్చుంది.

"ఒరేయ్," అంది లోపలికి వినబడేలా, "దీనికొక లాడం కొట్టుకో. లేకపోతే అరిగిపోతుంది."