వదిన వైపు పూత

ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. తూముల మేస్త్రీ అంటే చాలు. బడికి వెళ్లింది తక్కువ. కట్టడం, నచ్చకపోతే పగలగొట్టడం, మళ్లీ కట్టడం, అలా నేర్చుకున్నాడు పని. నీళ్ల చట్టం గురించి ఎవరైనా అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసేవాడు.

"కాలువ మీ గట్టు పక్కగా పోతోందా, వాడుకోండి. నీళ్లు మాత్రం మీ సొత్తు కాదు. పక్కవాళ్ల వాటా ఆపకూడదు. అంతే."

కిందటేడు తన వదిన నర్సరీకీ, పక్కనే రిటైరైన లెక్కల మాస్టారి కూరగాయల మడులకీ నీళ్లు పంచే తొట్టి కట్టాడు. నీటి వాటాల పత్రంలో చెరి సగం అని ఉంది. అందుకని తొట్టికి రెండు గండ్లు పెట్టాడు, రెండూ జానెడు వెడల్పే.

వేసవి వచ్చి కాలువ సన్నబడేసరికి వదిన నారు వాడిపోసాగింది.

"నా వైపు తక్కువ వస్తున్నాయి మరిదీ."

"మీ అనుమానం వదినా. టేపు అబద్ధం చెప్పదు."

"టేపుకి దాహం వెయ్యదుగా!"

ఆవిడ ఊరుకోలేదు, నీటి శాఖకి అర్జీ పెట్టింది. వచ్చిన అధికారి వాటాలు సరిగ్గానే ఉన్నాయని సంతకం చేస్తే మళ్లీ ఏడాది దాకా అడగడానికి లేదు. నారు అన్నాళ్లు ఆగదు.

అధికారి వచ్చి రెండు గండ్ల వెడల్పూ కొలిచి, పెన్ను తీశాడు. మేస్త్రీ కళ్లు నారు మడుల మీద పడ్డాయి.

"ఒక్క నిమిషం సార్," అని ఒకే కొలత బకెట్లు రెండు తెచ్చి గండ్ల కింద పెట్టాడు.

మాస్టారు పైకి లెక్కపెట్టాడు. ఆయన బకెట్ నలభైకే నిండింది. వదినది అరవై దాకా లాగింది.

మేస్త్రీ రెండు గండ్ల అడుగు అంచుల మీదా రసమట్టం అడ్డంగా పెట్టాడు. బుడగ పక్కకి జారింది. వదిన వైపు అంచు గోరు మందం ఎత్తుగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. మనింటి పని కదా అని ఆ రోజు వదిన వైపు సిమెంటు పూత ఇంకొకటి వేసి, అద్దంలా నున్నగా దిద్దాడు. కాలువ నిండుగా ఉన్నన్నాళ్లూ ఆ తేడా ఎవరికీ తెలియలేదు.

"తప్పు నాదే సార్. అభిమానం కొద్దీ ఎక్కువ పూశాను."

వదిన పకపకా నవ్వింది. "పరాయిదాన్నైనా బాగుండేది కదయ్యా!"

"అయితే నా వంకాయల నిగనిగలో సగం మీ వాటా నీళ్లదేనన్నమాట," అన్నాడు మాస్టారు.

మేస్త్రీ ఉలి తీసుకుని ఆ పూతంతా చెక్కేశాడు. మళ్లీ బకెట్లు పెట్టారు. ఈసారి రెండూ నలభై ఎనిమిదికే నిండాయి. అధికారి అదే అంకె కాగితం మీద రాసుకుని సంతకం చేశాడు.

అందరూ వెళ్లిపోయినా మేస్త్రీ మాత్రం ఉలి పట్టుకుని గట్టు మీదే కూర్చున్నాడు. నీళ్లు నర్సరీ చివరి మడి తడిపాకే లేచాడు.