మల్లేశాన్ని అడగని ప్రశ్న

ఒక అబద్ధాన్ని ముప్పై ఏళ్లకు పైగా మోశాను. ఒక్క మాటంత అబద్ధం. ఇవాళ మీకు చెప్పి దించుకుంటాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నేను తేదీలూ లెక్కలూ తప్పని మనిషిని. జ్వరం నూటొకటి పాయింటు నాలుగుంటే నాలుగనే రాస్తాను, అర అని సర్దను. 1992లో ఒమన్‌లోని బర్కాలో ఒక చిన్న క్లినిక్‌లో నర్సుగా ఉండేదాన్ని. మాది గుంటూరు వైపు. డాక్టరు మలయాళీ, తెలుగు రాదు. ఖర్జూరపు తోటల్లో పనిచేసే మనవాళ్లు వస్తే వాళ్ల మాట ఆయనకు, ఆయన మాట వాళ్లకు నేనే చెప్పేదాన్ని.

మల్లేశం నిజామాబాద్ జిల్లావాడు. వచ్చి ఏడాది కాలేదు, హిందీ ఇంకా పట్టుబడలేదు. వస్తూ పోతూ ఉండే జ్వరం, నడుం నొప్పి, చెమటలు. పరీక్షల్లో టైఫాయిడ్ కాదని తేలింది. మూడోసారి వచ్చినప్పుడు డాక్టరు ఇంగ్లీషులో అన్నాడు: "పచ్చిపాలు తాగుతాడేమో అడగండి సిస్టర్."

నేను మల్లేశం వైపు తిరగనైనా లేదు. "మావాళ్లు కాచకుండా పాలు తాగరు డాక్టర్" అన్నాను.

"ఏమంటుండు సిస్టరమ్మా?" అన్నాడు మల్లేశం.

"ఏం లేదు. మందులు రాస్తున్నాడు."

"మళ్ల గోళీలేనా! గిన్ని మింగినంక ఇగ బువ్వెందుకు?" అని నవ్వాడు.

ఎందుకలా చేశాను? తొందరా? బయట ఇద్దరే ఉన్నారు. మా ఇంట్లో పాలు పొంగకుండా ఎవరి గ్లాసులోకీ పోయరు. ప్రతి తెలుగువాడి ఇల్లూ మా ఇల్లే అనుకున్నాను. ఎదుట కూర్చున్న మనిషి ఏం చెప్తాడో అతనికన్నా నాకే బాగా తెలుసనుకున్నాను.

నెల తిరక్కుండానే తోటలో అతని కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మస్కట్ పెద్దాసుపత్రిలో బ్రూసెల్లోసిస్ అని తేల్చారు. పశువుల నుంచి పచ్చిపాల ద్వారా సోకే జబ్బు. ఎప్పుడో ఒకరికి అది మెదడులోని రక్తనాళాలను వాచేలా చేస్తుందట. అలా వాచి, ఒకటి మూసుకుపోయింది. అక్కడివాళ్లు ఫోన్ చేసి, పాల సంగతి అడగలేదా అన్నారు. "అడిగాం. లేదన్నాడు" అన్నాడు మా డాక్టరు. నేను అడిగే చెప్పాననుకున్నాడు మరి. పక్కనే ఉండి ట్రే సర్దుకున్నాను.

తరవాత అతని రూమ్‌లో ఉండే రాజన్న పాత రిపోర్టుల కోసం వచ్చాడు. "పొద్దుగాల మేకలు పిండంగనె అర్బాబ్ ఒక గిలాస ఇస్తుండె. యజమాని ఇచ్చిండని వీడు తాగుతుండె. గదాంట్ల దాచేటిదేముంది సిస్టరమ్మా? నిజంగనె తాగనన్నడా?"

"అన్నాడు" అన్నాను.

ఆ మాటే ఊళ్లో అతని భార్యకు ఫోన్లో చేరింది. అబద్ధమాడి తన ఒళ్లు తానే పాడుచేసుకున్నాడని.

ఇండియా పంపేముందు రాజన్న అతన్ని క్లినిక్‌కు తీసుకొచ్చాడు. కాలు ఈడుస్తూ నడుస్తున్నాడు. మాట మాత్రం రాలేదు. "ఒక్క ముచ్చట నిజం చెప్తె ఐపోవు గదరా" అన్నాడు రాజన్న మెత్తగా. మల్లేశం తల అడ్డంగా ఊపాడు. నన్ను చూస్తూ ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

"ఏమంటున్నాడు?" అని డాక్టరు నన్నే అడిగాడు. ఆ గదిలో నాకొక్కదానికే అర్థమైంది.

"తెలియడం లేదు డాక్టర్" అన్నాను.

జబ్బు నా వల్ల రాలేదు. ముందే కనిపెడితే అతని మాట నిలిచేదా? నిలిచేదేమో. ఆ లెక్క నాకు తేలదు. అబద్ధాలకోరన్న పేరు మాత్రం నా వల్లే వచ్చింది. ఆ లెక్క తేలింది. అతను ఉన్నాడో లేడో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరిచ్చేది కాదు. కానీ ఈ కాసేపట్లో ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

ఆ రోజు అతను తల ఊపి చెప్పింది ఇది. రాజన్నా, నన్ను ఎవ్వలు అడగలే.